ఆట మారినా పెట్టె మిగలాలి

1981లో అమెరికాలోని సియాటిల్ శివారున, టక్‌విలా అనే చోట, ఒక గోదాములో దాదాపు 2,000 ఆట యంత్రాలు కొనేవాళ్ళు లేక పడి ఉన్నాయి. నిలువెత్తు చెక్క పెట్టె, అందులో రంగుల తెర, ముందు జాయ్‌స్టిక్, కింద నాణెం వేసే తలుపు. ఆట పేరు రాడార్ స్కోప్. నింటెండో అమెరికా శాఖ జపాన్ నుంచి 3,000 తెప్పించుకుంది. ఓడ దిగేసరికి జనానికి దాని మీద మోజు తీరిపోయింది. వెయ్యి అమ్ముడయ్యాయి, మిగిలినవి కంపెనీ మెడకు చుట్టుకున్నాయి. అప్పుడు క్యోటోలోని ప్రధాన కార్యాలయం షిగెరు మియమోతో అనే యువ డిజైనరుకు ఒక పని అప్పజెప్పింది. పెట్టెలు అవే, తెరలు అవే, ఆట మాత్రం వేరేది కావాలి. అలా పుట్టింది డాంకీ కాంగ్. మార్పిడి సామగ్రి అమెరికా చేరాక శాఖ అధిపతి మినోరు అరకావా, ఆయన భార్య, కొద్దిమంది సిబ్బంది కూర్చుని ఒక్కో పెట్టె తెరిచి, లోపలి సామాను మార్చి, బొమ్మలు అంటించారు. అందులో పీపాల మీదుగా దూకుతూ పైకెక్కే పొట్టి మనిషే తర్వాత మారియో పేరుతో లోకానికంతా తెలిశాడు.

పాత ఆర్కేడ్ పెట్టెలో వేరే ఆట పెట్టడం అపచారమనే వాళ్ళు ఉన్నారు. చరిత్ర వాళ్ళ పక్షాన లేదు. మార్పిడి ఈ యంత్రానికి పుట్టుకతో వచ్చిన గుణం. ఆటల పార్లరు యజమానికి పెట్టె పెద్ద పెట్టుబడి, ఆట కొన్ని నెలల ముచ్చట. వసూళ్ళు తగ్గగానే ఆట నడిపే సర్క్యూట్ బోర్డు మార్చి, నెత్తిన వెలిగే పేరు పలక మార్చి, అదే పెట్టెను మళ్ళీ నిలబెట్టేవాడు. అయితే ఇప్పుడు ఆ పెట్టెలు తయారు కావడం లేదు. పెద్ద పిక్చర్ ట్యూబులు చేసే ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. కాబట్టి ఇవాళ ఇంట్లో ఒక పాత పెట్టె బాగుచేసే మనిషి అప్పటి పార్లరు యజమానిలా ప్రవర్తించకూడదు. ఆట మార్చవచ్చు, కానీ చేసిన ప్రతి మార్పూ వెనక్కి తీసుకోగలిగేలా ఉండాలి. ఇక్కడ చెప్పేదంతా ఆ ఒక్క నియమం చుట్టూ తిరుగుతుంది.

మన దగ్గర ఈ పెట్టెల కాలం 1990లు. బస్టాండు పక్కనో సినిమా హాలు సందులోనో వీడియో గేమ్ షాపు ఉండేది. ఇంట్లోవాళ్ళ కన్నుగప్పి రూపాయి బిళ్ళతో అక్కడికి పరిగెత్తిన తరానికి ‘ముస్తఫా’ అంటే వేరే చెప్పనక్కర్లేదు. ఆ ఆట అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్. క్యాప్‌కామ్ సంస్థ 1993లో తెచ్చింది. అందులోని నలుగురు వీరుల్లో ఒకడు ముస్తఫా. దేశంలో ఎందరో పిల్లలు ఆట మొత్తాన్నీ అతని పేరుతోనే పిలిచారు. ఆ బోర్డులోనే ఒక విచిత్రమైన మరణశాసనం దాగి ఉంది. దాని సంగతి కాసేపట్లో.

పెట్టె వెనక తలుపు తీస్తే ముందుగా చూడాల్సింది తీగల కట్ట. 1985కు ముందు ఏ కంపెనీ తీగల అమరిక ఆ కంపెనీదే. జపాన్ ఆట యంత్రాల తయారీదార్ల సంఘం ఆ ఏడాది ఒక ఉమ్మడి కనెక్టరు ఖరారు చేసింది. సంఘం పేరులోని తొలి అక్షరాలను బట్టి దాన్ని జామా అంటారు. బోర్డు అంచున ఒకవైపు 28, మరోవైపు 28, మొత్తం 56 రాగి పట్టీలు, ఒక్కోదానికీ మధ్య 3.96 మిల్లీమీటర్ల దూరం. ఏ పట్టీకి 5 వోల్టులు, దేనికి 12 వోల్టులు, దేని మీద ఎరుపు, దేని మీద ఆకుపచ్చ, దేని మీద నీలం, స్పీకరు ఎక్కడ, నాణెం స్విచ్చి ఎక్కడ, జాయ్‌స్టిక్ నాలుగు దిక్కులూ ఎక్కడ, అన్నీ ముందే నిర్ణయమై ఉంటాయి. హోల్డరులో బల్బు మార్చినంత సులువుగా పాత బోర్డు లాగి కొత్తది గుచ్చవచ్చు. మీ పెట్టె జామా కన్నా పాతదైతే దాని తీగలు కోయకండి. ఆ పాత కనెక్టరుకు ఒక చివర, జామాకు మరో చివర ఉండే అడాప్టరు విడిగా తయారుచేసుకోవచ్చు. కోసిన తీగల కట్టను మళ్ళీ పాతలా కట్టడం, దాని పటం చేతిలో లేకపోతే, వారాల పని.

ఆ కనెక్టరు దగ్గరే చాలా జబ్బులు పుడతాయి. బోర్డుకు కావలసింది 5 వోల్టులు. పాతకాలపు 74 శ్రేణి చిప్పులకు తయారీదారు హామీ ఇచ్చేది 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్యే. పట్టీల మీద తుప్పు చేరి పదో వంతు ఓమ్ నిరోధం పుట్టిందనుకుందాం. బోర్డు 4 ఆంపియర్లు లాగుతుంటే అక్కడే 0.4 వోల్టు హరించుకుపోతుంది. సప్లై దగ్గర మీటరు 5 చూపిస్తుంది, చిప్పు దగ్గర మిగిలేది 4.6. ఆట మధ్యలో ఆగి మళ్ళీ మొదలవుతుంది, తెర మీద పిచ్చి అక్షరాలు పేరుకుంటాయి. బోర్డు పోయిందని పక్కన పడేసిన వాటిలో ఇలాంటివి ఎన్నో. పవరు తీసేసి, పెన్సిలు రబ్బరుతో పట్టీలు మెల్లగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పెట్టె వైపు కనెక్టరులో పిన్నులు మాడి ఉంటే దాన్ని మార్చి, మళ్ళీ కొలవండి. కొలవాల్సింది సప్లై దగ్గర కాదు, బోర్డు మీద చిప్పు కాళ్ళ దగ్గర.

కరెంటు విషయంలో మనవాళ్ళకు మరో జాగ్రత్త. అమెరికా నుంచి వచ్చిన పెట్టె 120 వోల్టులు, 60 హెర్ట్జ్ కోసం తయారైంది. మన ప్లగ్గులో 230 వోల్టులు, 50 హెర్ట్జ్. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు పెడితే వోల్టేజీ దిగుతుంది కానీ ఫ్రీక్వెన్సీ మారదు. ట్రాన్స్‌ఫార్మరు ఇనుప గుండెలోని అయస్కాంత ప్రవాహం వోల్టేజీని ఫ్రీక్వెన్సీతో భాగించిన దాన్ని బట్టి ఉంటుంది. 60 కాస్తా 50 అయితే ఆ ప్రవాహం 20 శాతం పెరుగుతుంది, ట్రాన్స్‌ఫార్మరు వేడెక్కుతుంది. ఆట వేగానికి మాత్రం దీంతో పని లేదు. బోర్డు తన గడియారాన్ని క్వార్ట్జ్ స్ఫటికం నుంచి తీసుకుంటుంది, గోడ ప్లగ్గు నుంచి కాదు. బోర్డుకు కరెంటిచ్చే పాత లీనియర్ సప్లై బదులు 230 వోల్టుల స్విచింగ్ సప్లై పెట్టడం ఈ మొత్తం పనిలో నేను మొదట చేయమనే మార్పు. పాతది పారేయకుండా పెట్టె అడుగునే భద్రంగా ఉంచండి.

అసలు విద్య తెర దగ్గర ఉంది.

పిక్చర్ ట్యూబు మెడలోని గన్ను నుంచి ఎలక్ట్రాన్లు వెలువడతాయి. 20 వేల నుంచి 25 వేల వోల్టుల ఆకర్షణకు ముందుకు దూసుకొచ్చి, అద్దం లోపలి ఫాస్ఫరు పూతను తాకుతాయి. తాకిన చోట వెలుగు. మెడ చుట్టూ ఉండే రాగి చుట్టలు, అంటే యోక్, ఆ ధారను ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి నడిపిస్తాయి. సెకనుకు సుమారు 60 బొమ్మలు, బొమ్మకు సుమారు 262 గీతలు. గుణిస్తే సెకనుకు 15,720 గీతలు. ఇప్పుడు మన దూరదర్శన్ రోజుల టీవీ చూడండి. బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. గుణిస్తే 15,625. రెండింటి తేడా నూటికి ఒకటి కూడా లేదు. అందుకే ఆర్కేడ్ మానిటరు వెనక భాగం మన పాత టీవీ మెకానిక్కు కొత్త కాదు. ఎల్‌ఓటీ (లైన్ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు), యోక్, హారిజాంటల్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టరు, అన్నీ ఆయన చేతిలో పుట్టి పెరిగినవే. తేడా ఒక్కటే. టీవీ యాంటెన్నా నుంచి వచ్చిన ఒకే సంకేతాన్ని విడదీసుకుని రంగులు తయారు చేసుకుంటుంది. ఆర్కేడ్ మానిటరుకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ వేరువేరు తీగల మీద నేరుగా అందుతాయి. అందుకే ఆ రంగుల్లో అంత తేట.

చిన్నప్పుడు టీవీ పెట్టగానే సన్నగా కీచుమనే మోత విన్నవాళ్ళుంటారు. అది ఈ 15 వేల చిల్లర గీతల మోతే. ఎల్‌ఓటీ లోపలి భాగాలు ఆ వేగంతో కంపిస్తాయి. వయసు పెరిగేకొద్దీ చెవికి ఆ స్థాయి అందదు. నలభై దాటిన మెకానిక్కు మానిటరు బతికిందో లేదో చెవితో తెలియకపోవచ్చు. గది అవతల కూర్చున్న పదేళ్ళ పిల్లవాడు మాత్రం ఠక్కున చెప్పేస్తాడు.

టీవీకీ ఆర్కేడుకూ ఇంకో భేదం ఉంది. టీవీ ఒక విడతలో బేసి గీతలు, మరుసటి విడతలో సరి గీతలు గీస్తుంది. ఆర్కేడ్ బోర్డు ప్రతి విడతలోనూ అవే గీతల మీద గీస్తుంది. మధ్య చోటు ఎప్పుడూ నల్లగానే ఉండిపోతుంది. 1980లలో బొమ్మలు గీసిన కళాకారులు ఆ నల్లని సందులనూ, ఫాస్ఫరు వెలుగు అంచుల్లో మెత్తబడడాన్నీ చూసుకుంటూనే గీశారు. అవే బొమ్మలు ఇప్పటి తెర మీద గళ్ళుగళ్ళుగా, మొరటుగా కనిపిస్తే తప్పు వాళ్ళది కాదు.

నలభై ఏళ్ళ మానిటరులో ముందుగా చచ్చేది ట్యూబు కాదు, ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లు. చిటికెన వేలంత డబ్బాలో రెండు అల్యూమినియం రేకులు, మధ్య ద్రవంలో తడిపిన కాగితం చుట్టి ఉంటాయి. రేకు మీది సన్నని ఆక్సైడు పొర విద్యుత్తును ఆపుతుంది, తడి కాగితం రెండో రేకును ఆ పొరకు ఆనిస్తుంది. డబ్బా అడుగున ఉండే రబ్బరు బిరడా గుండా ఆ తడి ఏళ్ళ తరబడి ఆవిరైపోతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే కండెన్సరు ఆయుష్షు సగానికి పడిపోతుందని ఎలక్ట్రానిక్స్‌లో మోటు లెక్క ఒకటి వాడుకలో ఉంది. మానిటరు లోపల వేడికి కొదవ లేదు. తడి ఆరిన కొద్దీ బొమ్మ రెండు పక్కలా కుంచించుకుపోతుంది, పై భాగం మడతపడుతుంది, అంచులు అలల్లా ఊగుతాయి. చూసినవాళ్ళు ట్యూబు పోయిందంటారు. పది ఇరవై కండెన్సర్లు మార్చగానే బొమ్మ నిటారుగా నిలబడుతుంది. విలువ, వోల్టేజీ, ముఖ్యంగా ప్లస్ మైనస్ చూసి పెట్టాలి. తిరగేసి పెడితే ఆక్సైడు పొర కరిగి, లోపల ఆవిరి పుట్టి, డబ్బా పేలుతుంది.

ఈ పని మొదలుపెట్టే ముందు చేయాల్సింది ఒకటుంది. దాన్ని నేర్చినవారి చేతిలో ఒకసారైనా చూడందే ఎవరూ స్వయంగా చేయకూడదు. పిక్చర్ ట్యూబు గాజుకు లోపలా బయటా విద్యుత్తు పారే పూత ఉంటుంది, మధ్యలో గాజు. అంటే ట్యూబే ఒక పెద్ద కండెన్సరు. ప్లగ్గు పీకేసిన తర్వాత కూడా వేల వోల్టులు అందులో నిలవ ఉండగలవు. తెలిసిన మెకానిక్ ఏం చేస్తాడో చూడండి. ప్లగ్గు తీసి పక్కన కనపడేలా పెడతాడు. మంచి పిడి ఉన్న పొడవాటి స్క్రూడ్రైవరు రాడ్డుకు క్లిప్పు తీగ తగిలించి, ఆ తీగ రెండో కొసను ట్యూబు వీపు మీద ఆనుకుని ఉండే అల్లిక తీగకు బిగిస్తాడు. ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకుంటాడు, పొరపాటున షాకు కొట్టినా ఒక చేతి నుంచి రెండో చేతికి గుండె మీదుగా కరెంటు పారకుండా. కుడి చేత్తో స్క్రూడ్రైవరు కొసను ట్యూబుకు అధిక వోల్టేజీ చేరే చోట ఉండే ఈహెచ్‌టీ రబ్బరు క్యాపు కిందికి మెల్లగా దూర్చుతాడు. టప్పున ఒక చప్పుడు. అంతటితో సరే అనుకోడు. కొద్ది నిమిషాలాగి మళ్ళీ అదే చేస్తాడు, ఎందుకంటే గాజులో ఇంకిన ఛార్జి కొంత తిరిగి పైకి తేలుతుంది. ట్యూబు మెడకు చెయ్యి తగలనివ్వడు. లోపల శూన్యం, మెడ గాజు పలచన.

చాలా ఆర్కేడ్ మానిటర్ల చాసిస్ మెయిన్స్‌కు నేరుగా కలిసి ఉంటుంది. అందుకే పెట్టె అడుగున ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరు ఉంచుతారు. దాన్ని పీకేసి బజారులో దొరికే స్టెప్‌డౌన్ పెట్టె వాడితే ప్రమాదం, ఎందుకంటే వాటిలో చాలావరకు ఆటోట్రాన్స్‌ఫార్మర్లు. ఒకే చుట్ట, రెండు వైపులా అదే తీగ. వోల్టేజీ తగ్గిస్తాయే గానీ మెయిన్స్ నుంచి విడదీయవు.

ఇక బోర్డు. ప్యాక్-మ్యాన్ తీసుకుందాం. 1980లో నామ్కో సంస్థలో తోరు ఇవతాని రూపొందించిన ఆట. జెడ్80 ప్రాసెసరు, 16 కిలోబైట్ల ప్రోగ్రాము, ఒకే ఒక్క 18.432 మెగాహెర్ట్జ్ స్ఫటికం. ఆ స్ఫటికం వేగాన్ని 6తో భాగిస్తే ప్రాసెసరు గడియారం, 3తో భాగిస్తే తెర మీద చుక్కల గడియారం. ప్రోగ్రాము ఈప్రామ్ చిప్పుల్లో ఉంటుంది. ఈ చిప్పు లోపల ప్రతి బిట్టూ ఒక బంధించిన విద్యుదావేశం. నెత్తిన క్వార్ట్జ్ కిటికీ ఉంటుంది, అతినీలలోహిత కాంతి పడితే ఆ ఆవేశం పారిపోయి చిప్పు చెరిగిపోతుంది. కిటికీ మీద స్టిక్కరు ఉండేది అందుకే. అది ఊడితే వెంటనే మరొకటి అంటించండి. కాంతి పడకపోయినా దశాబ్దాల మీద కొంత ఆవేశం కారిపోవచ్చు. ఒక్క బిట్టు తిరగబడినా ఆట లేవకపోవచ్చు.

అలాంటప్పుడు చిప్పులో ఏముండాలో తెలిసేది ఎలా? ఇక్కడ మేమ్ అనే సాఫ్ట్‌వేర్‌కు దండం పెట్టాలి. ఇటలీకి చెందిన నికోలా సల్మోరియా 1997 ఫిబ్రవరిలో మొదటి రూపం విడుదల చేశాడు. 2016లో అది పూర్తిగా ఓపెన్ సోర్స్ అయింది. కంప్యూటరులో పాత ఆటలు ఆడుకునే సాధనంగానే చాలామందికి తెలుసు. దాని అసలు విలువ వేరు. వేలాది ఆటల్లో ఏ బోర్డు మీద ఏ చిప్పులున్నాయి, ఒక్కో చిప్పులోని సమాచారానికి సరిచూసే సంఖ్య ఎంత అనేది అందులో నమోదై ఉంది. మీ చిప్పును ప్రోగ్రామరు అనే పరికరంలో పెట్టి చదివి, ఆ సంఖ్యతో పోల్చితే ఏది చెడిందో ఇట్టే తేలిపోతుంది. ఆ ఒక్క చిప్పు మళ్ళీ రాస్తే చాలు. ప్యాక్-మ్యాన్ 256వ దశలో తెర కుడి సగం పిచ్చి గుర్తులతో నిండిపోతే మాత్రం సోల్డరింగ్ ఐరన్ అందుకోకండి. దశల లెక్క 8 బిట్లలో పట్టక పొంగిపోయిన ఫలితం అది, 1980లో పుట్టినప్పటి నుంచీ ఉన్నదే.

ఇప్పుడు ముస్తఫా బోర్డు. దొంగ నకళ్ళను అడ్డుకోవడానికి క్యాప్‌కామ్ ఆ తరం బోర్డుల్లో శబ్దం చూసే ప్రాసెసరు ప్రోగ్రామును సంకేత భాషలో రాసింది. దాన్ని విప్పే తాళంచెవిని మామూలు చిప్పులో కాకుండా బ్యాటరీ మీద బతికే కొద్దిపాటి జ్ఞాపకంలో ఉంచింది. బ్యాటరీ చచ్చిందంటే తాళంచెవి పోయినట్టే, బోర్డు ఎంత శుభ్రంగా ఉన్నా సరిగ్గా పనిచేయదు. అభిమానులు వీటిని ‘ఆత్మహత్య బ్యాటరీలు’ అంటారు. ఆడేవాడు డబ్బిచ్చి ఆడాడు, యజమాని డబ్బిచ్చి కొన్నాడు, బోర్డు మాత్రం గడువు రాసుకుని పుట్టింది. ఇది అన్యాయమని నా గట్టి అభిప్రాయం. తర్వాతి కాలంలో ఔత్సాహిక పరిశోధకులు ఆ తాళాల గుట్టు విప్పారు. ఇవాళ చిన్న మైక్రోకంట్రోలరుతో ఆ చెవిని తిరిగి ఎక్కించవచ్చు. చచ్చిన ముస్తఫా బోర్డు మీ కంట పడితే తుక్కు అనుకోవద్దు. మామూలు బోర్డుల మీద ఉండే నికెల్-కాడ్మియం బ్యాటరీలు మరో రకం శత్రువులు. కారి, చుట్టూ ఉన్న రాగి గీతలను తినేస్తాయి. అలాంటి మామూలు బోర్డు చేతికి రాగానే ముందు ఆ నికెల్-కాడ్మియం బ్యాటరీని తీసేయించండి.

చెక్క పని గురించి క్లుప్తంగా. పెట్టెలు ప్లైవుడ్‌తోనో పార్టికల్ బోర్డుతోనో చేశారు. రెండోది నేల తడికి అడుగున ఉబ్బి, రవ్వలు రవ్వలుగా రాలుతుంది. మన దగ్గర దీనికి చెదలు తోడు. ఉబ్బిన మేర కోసి, అదే మందం ముక్కను ఫెవికాల్‌తో అతికి, లప్పం పెట్టి, ఉప్పు కాగితంతో రుద్దితే అతుకు కనిపించదు. వడ్రంగికి ఇది గంటల పని. పక్క బొమ్మల జోలికి మాత్రం వెళ్ళనివ్వకండి. మార్పిడికి లోనైన పెట్టెల మీద తర్వాత వేసిన పెయింటు కింద మొదటి ఆట బొమ్మ చెక్కుచెదరకుండా దొరికిన సందర్భాలు ఉన్నాయి. ఓపిగ్గా పై పొర తీసేవాడికి అది దక్కుతుంది, మిషన్‌తో గీకేవాడికి దక్కదు.

జాయ్‌స్టిక్ విషయంలో కూడా ఆటను అడిగి పని చేయాలి. ప్యాక్-మ్యాన్‌కూ డాంకీ కాంగ్‌కూ నాలుగు దిక్కులే ఉన్నాయి. ఎనిమిది దిక్కుల కొత్త జాయ్‌స్టిక్ పెడితే మలుపు దగ్గర పిడి మూలకు జారి, రెండు స్విచ్చులు ఒకేసారి నొక్కుకుపోతాయి, ప్యాక్-మ్యాన్ మలుపు దాటేసి దయ్యం నోట్లో పడతాడు. ఆటగాడు తనకు చేతకాలేదనుకుంటాడు. పిడి కింద అడ్డుపలక తిప్పి నాలుగు దిక్కులకు పరిమితం చేసుకునే రకాలు దొరుకుతాయి. అవి కొనండి.

ఇక అసలు మార్పిడి. ట్యూబు బతికి ఉంటే దాన్ని తీయకండి, ఇందులో నాకు రెండో మాట లేదు. రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటరును కూడా తగిన అడాప్టరుతో జామా కనెక్టరుకు తగిలించి, పాత మానిటరుకే 15 కిలోహెర్ట్జ్ సంకేతం పంపవచ్చు. నచ్చకపోతే పీకేసి పాత బోర్డు గుచ్చుకోవచ్చు. ట్యూబు చచ్చి, వేరేది దొరక్కపోతే ఎల్‌సీడీ తప్పదు. అప్పుడు రెండు లెక్కలు చూసుకోవాలి.

మొదటిది చుక్కల లెక్క. ప్యాక్-మ్యాన్ బొమ్మ 224 చుక్కల వెడల్పు, 288 చుక్కల ఎత్తు. ఆఫీసుల నుంచి పాత సామానుగా వచ్చే 19 అంగుళాల 1280×1024 మానిటరును నిలువుగా తిప్పితే 1024 వెడల్పు, 1280 ఎత్తు. ప్రతి చుక్కనూ సరిగ్గా నాలుగు రెట్లు చేస్తే 896×1152 అవుతుంది, అందులో హాయిగా ఇమిడిపోతుంది. చుక్కలన్నీ ఒకే కొలతలో వస్తాయి. వెడల్పాటి కొత్త టీవీ కన్నా ఈ పాత ఆఫీసు మానిటరే ఈ పెట్టెకు మేలు.

రెండోది కాలం లెక్క. ప్యాక్-మ్యాన్ బోర్డులో చుక్కల గడియారం 6.144 మెగాహెర్ట్జ్. ఒక గీతకు 384 టిక్కులు, ఒక బొమ్మకు 264 గీతలు. భాగిస్తే సెకనుకు 60.6 బొమ్మలు. మామూలు ఎల్‌సీడీ చూపేది 60. మేమ్ లాంటి ఎమ్యులేటరు ఆటను నూటికి ఒక వంతు మందగింపజేయాలి, లేదా సుమారు ప్రతి 1.65 సెకన్లకు ఒక బొమ్మ వదిలేయాలి. వదిలేస్తే దయ్యాల నడకలో సన్నని కుదుపు కనిపిస్తుంది. దీనికి తోడు ఆలస్యం. ట్యూబు బోర్డు పంపిన చుక్కను పంపిన క్షణానే వెలిగిస్తుంది, దేన్నీ దాచుకోదు. ఎల్‌సీడీ లోపలి సర్క్యూట్ బొమ్మను సాగదీయడానికి ఆపుకునే ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు పోతాయి. ఎమ్యులేటరు, యూఎస్‌బీ బటన్ల బోర్డు తమ వంతు కలుపుతాయి. రెండు మూడు ఫ్రేములు చేరితే చాలు, చెయ్యి తిరిగిన ఆటగాడికి జాయ్‌స్టిక్ బరువెక్కినట్టు అనిపిస్తుంది. టీవీల్లో ఉండే ‘గేమ్ మోడ్’ పని ఆ ఆపుకోవడాన్ని తగ్గించడమే. ఎఫ్‌పీజీఏ బోర్డులు మరో దారి. అవి పాత చిప్పుల ప్రవర్తనను సాఫ్ట్‌వేర్‌తో అనుకరించకుండా, తమ లోపలి లాజిక్‌ను ఆ చిప్పుల మాదిరిగా అమర్చుకుంటాయి. ఖరీదెక్కువ, ఆలస్యం తక్కువ.

కొన్ని పెట్టెల్లో ఎల్‌సీడీ పెట్టడం ఆటను చంపడమే. తైతో సంస్థ 1978లో తెచ్చిన స్పేస్ ఇన్‌వేడర్స్ నిలువు పెట్టెలో తెర నేరుగా మీకు కనిపించదు. దాని ప్రతిబింబం సగం పారదర్శకమైన అద్దంలో పడుతుంది, ఆ అద్దం వెనక చంద్రుడి బొమ్మ ఉంటుంది. నలుపు తెర నిజంగా నల్లగా ఉంటేనే గ్రహాంతరవాసులు ఆ చంద్రుడి ముందు తేలుతున్నట్టు కనిపిస్తారు. ఎల్‌సీడీ నలుపులో వెనక దీపం వెలుగు కొంత కారుతూనే ఉంటుంది, అద్దం నిండా బూడిద రంగు పొర పరుచుకుంటుంది. 1979 నాటి అటారీ ఆట ఆస్టరాయిడ్స్‌లో ఎలక్ట్రాన్ ధార గీతల వరుసలో కాకుండా నేరుగా రాళ్ళ ఆకారాలనే గీస్తుంది. తుపాకి గుండు దగ్గర ధార ఒకే బిందువు మీద నిలిచి కళ్ళు మిరుమిట్లు గొలిపేంత మెరుపు పుట్టిస్తుంది. ఆ మెరుపు చుక్కల తెరకు రాదు. ఇలాంటి పెట్టె చేతికి దొరికితే బాగుచేయండి, మార్చకండి.

వందల ఆటలు నింపి చవగ్గా అమ్మే జామా బోర్డుల గురించి చాలామంది అడుగుతారు. వాటిలో చాలావాటికి హక్కుదార్ల అనుమతి ఉండదు. పాత ఆటల హక్కులు చాలావరకు ఇప్పటికీ కంపెనీలవే, వాళ్ళే విడుదల చేసే సంకలనాలు కొనడం సరైన దారి.

పని మొదలుపెట్టేవాళ్ళకు నా మాట ఇది. మొదటి స్క్రూ విప్పక ముందే పెట్టెను అన్ని వైపుల నుంచి ఫొటోలు తీయండి. ప్రతి కనెక్టరుకూ చీటీ కట్టండి. తీసిన ప్రతి భాగాన్నీ సంచిలో వేసి, దేనిదో రాసి, పెట్టె లోపలే ఉంచండి. పని చేస్తున్న అసలు పెట్టెను ఖాళీ చేసి కంప్యూటరు పెట్టుకోకండి. ఖాళీగా దొరికిన పెట్టెలు కావలసినన్ని ఉన్నాయి, మార్పిడి సరదా వాటిలో తీర్చుకోండి. మీ ఊళ్ళో ఒకప్పుడు వీడియో గేమ్ షాపు నడిపిన మనిషి ఉంటే, ట్యూబు టీవీలు బాగుచేసిన మెకానిక్ ఉంటే, వాళ్ళ దగ్గరికి ఒకసారి వెళ్ళి అటకల మీద, గోదాముల్లో ఏమున్నాయో అడగండి. పాత ఇనుప సామానువాడు వచ్చాక అడిగి లాభం లేదు. బోర్డు దొరికి, దాన్ని బాగుచేయడం మీ వల్ల కాకపోతే, కనీసం దాని ఈప్రామ్ చిప్పులు చదివి సరిచూడగల మనిషి చేతికి అందించండి.